ముందు సెంటు, వెనక మనిషి

పొద్దున తిరుత్తణిలో మద్రాసు లోకల్ ఎక్కి కూర్చున్నానో లేదో, ఒక సెంటు వచ్చి నా పక్క సీటు పట్టుకుంది. దాని వెనకే ఓ కుర్రాడొచ్చాడు. చంకల్లో నాలుగు బుస్సులు, చొక్కా మీద నాలుగు, చాలదన్నట్టు గీసిన చెంపలకు ఆఫ్టర్‌షేవ్.

ఎదుటి అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. 1960లో ఊరు చిత్తూరు జిల్లా నుంచి తమిళనాట కలిసిందిగానీ అవ్వ నోట తెలుగు చెక్కు చెదరలేదు. "ఏం నాయనా, నీళ్ళు పోసుకోను పొద్దు చాల్లేదా?"

"పారిస్ సెంటు అవ్వా!"

సీసా మీద ఉన్నది పారిసే. కొన్నది మద్రాసు ప్యారీస్ కార్నర్‌లో.

పాపం, వాడి తప్పూ లేదు. పూసుకున్నవాడి ముక్కు కాసేపటికే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. తగ్గిందేమోనని జేబులోంచి బుడ్డి తీసి మళ్ళీ కొట్టాడు. అరక్కోణంలో ఇంకొకడు వేరే బ్రాండుతో ఎక్కాడు. ఇక చూడండి, సెంట్లు రెండూ కొట్టుకున్నాయి, దెబ్బలు మాకు!

దారిలో తిరువళ్ళూరు వచ్చింది. అక్కడి వీరరాఘవుడి మూలమూర్తికి నీళ్ళ అభిషేకం లేదు, చందన తైలమే. అయినా ఆయన పడుకున్నచోటే పడుకుంటాడు, లోకల్ ఎక్కడు.

సెంట్రల్‌లో దిగి బయటికొచ్చాం. మురికి కూవం నది గాలి తగిలింది. అవ్వ కొంగు తీసేసి హాయిగా ఊపిరి పీల్చుకుంది.