రెండో భాగానికి దండకం

తల్లీ, తెలుగు సినిమా వ్యాపారమా! ముందుగా నీ ధైర్యాన్ని పొగడాలి. 2017 ఏప్రిల్ 28న ‘బాహుబలి 2’ను విడుదల చేసి, అంతకుముందు ఏ దక్షిణాది సినిమా చూడని వసూళ్లు చూపించావు. ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండు కోట్ల డాలర్లు దాటించావు. మొదటి భాగాన్ని కట్టప్ప కత్తి దగ్గర ఆపి, దాదాపు రెండేళ్లు కోట్ల మందిని ఒకే ప్రశ్న మీద నిలబెట్టావు. స్టేషన్ ఘనపూర్‌లో ప్యాసింజర్ రైలు కోసం నిలబడ్డ పిలగాళ్లూ అదే అడిగారు, డాలస్‌లో ఉద్యోగం చేసే వాళ్ల అన్నలూ అదే అడిగారు. ఆ రెండో భాగం కథకు అవసరం. సగంలో ఆపిన కథను పూర్తి చేశావు, మాట నిలుపుకున్నావు. ఈ పొగడ్తలో మెలిక లేదు. ఆ విజయం నుంచి నువ్వు నేర్చుకున్న పాఠం దగ్గరే మెలిక మొదలైంది.

నీ గ్రహణశక్తి గొప్పది. ‘బాహుబలి’ చూసి ఐదేళ్ల కష్టం, ఒక కొత్త లోకాన్ని కట్టిన ఓపిక నేర్చుకోవచ్చు. వాటికంటే త్వరగా అంటుకునే విషయం ఒకటుంది, పేరు పక్కన అంకె. దాన్ని నువ్వు ఒక్క చూపులో పట్టేశావు. ‘ఎఫ్ 2’ తర్వాత ‘ఎఫ్ 3’ వచ్చింది. ‘ఇస్మార్ట్ శంకర్’ తర్వాత 2024 ఆగస్టు 15న ‘డబుల్ ఇస్మార్ట్’ వచ్చి, వచ్చినంత వేగంగా పోయింది. ‘హిట్’ మూడు దాకా నడిచింది. ‘అఖండ’కు రెండోది చేరింది. నీ ముందుచూపు ఇంకా పెద్దది. ఇంకా ఎవరూ రెండోది అడగకముందే ‘సలార్’, ‘దేవర’, ‘హరిహర వీరమల్లు’ ఒకటో భాగాలుగానే జనంలోకి వచ్చాయి. మేం టికెట్ కొని లోపలికి వెళ్లి కథ ముగింపు అడిగితే, దానికి ఇంకో టికెట్ ఉందని చెప్పగలిగావు. అంతటి నమ్మకం మా మీద ఇంకెవరికీ లేదు. మా ఊళ్లో అప్పిచ్చేవాళ్లు కూడా మమ్మల్ని అంతగా నమ్మరు.

ఓవర్సీస్ లెక్కల్లో నీ నేర్పు నిజంగా చూడదగ్గది. బయ్యర్‌కు కథ చెప్పాల్సిన పని లేకుండా చేశావు. పేరు తెలుసు, హీరో తెలుసు, కిందటిసారి ఏ ఏరియాలో ఎంత షేర్ వచ్చిందో కాగితం మీద ఉంది. కాబట్టి అడ్వాన్స్ రాబట్టడం తేలిక. బయ్యర్ కూడా మొదటి మూడు రోజుల్లో తన డబ్బు తిరిగి రావాలని చూస్తాడు, ఎందుకంటే సోమవారం నుంచి సినిమా సొంత కాళ్ల మీద నడవాలి, ఆ నడకకు ఎవరూ హామీ ఇవ్వరు. అంకె ఉన్న సినిమా ఓపెనింగ్స్ తెస్తుంది. ఫుల్ రన్‌ను కథ ఒక్కటే తెస్తుంది. ఈ తేడా నీకు బాగా తెలుసు. తెలిసే నువ్వు ఓపెనింగ్స్‌నే ఎంచుకున్నావు. నీ వ్యాపారజ్ఞానానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అమెరికాలో ప్రీమియర్లు మనకు తెల్లవారకముందే పడతాయి కనుక, హన్మకొండలో ఉదయం ఆట చూద్దామని బయలుదేరిన ఘనపూర్ కుర్రాడికి బస్సు ఎక్కేలోపే టాక్ ఫోన్‌లో చేరుతోంది. ఒకప్పుడు సినిమా ఎలా ఉందో నైజాంలో చూసిన జనం చెప్పేవారు. ఇప్పుడు ఆ శ్రమ మాకు తప్పించావు.

అయితే నువ్వు చదువుతున్న లెక్కల పుస్తకంలోనే కొన్ని పేజీలున్నాయి, వాటిని నువ్వు తిప్పడం లేదు. 2021 డిసెంబర్ 17న ‘పుష్ప’ మొదటి భాగం వచ్చినప్పుడు హిందీలో ఆ పేరు ఎవరికీ తెలియదు. మొదటి రోజు మూడు కోట్లతో మొదలై, నోటి మాట మీద పాకి వంద కోట్లు దాటింది. ఆ తర్వాతే, 2024 డిసెంబర్‌లో వచ్చిన రెండో భాగం హిందీలోనే ఎనిమిది వందల కోట్ల నికర వసూళ్లు దాటగలిగింది. అంటే ఆ బజారు తలుపు తెరిచింది ఎవరికీ తెలియని పేరే. రెండోది తెరిచిన తలుపులోంచి నడిచివెళ్లింది. నువ్వు పూలదండ రెండోదానికి వేశావు.

చైనా సంగతి చూడు. 2017లో ‘దంగల్’ అక్కడ వెయ్యి కోట్ల రూపాయలకు పైగా తెచ్చింది. ఇద్దరు ఆడపిల్లలకు కుస్తీ నేర్పిన తండ్రి కథ అది, ముందుభాగం లేదు, పేరు పక్కన అంకె లేదు. మరుసటి ఏడాది ‘బాహుబలి 2’ అదే దేశానికి వెళ్తే అందులో పదో వంతు కూడా రాలేదు. 2024 చివర్లో ‘మహారాజ’ అనే తమిళ సినిమా, ఒక క్షౌరశాల నడిపే మనిషి కథ, అక్కడ మంచి ఆదరణ పొందింది. జపాన్‌లో 1998 నుంచి రజనీకాంత్ ‘ముత్తు’ పేరున ఉన్న రికార్డును 2022లో వెళ్లిన ‘ఆర్ఆర్ఆర్’ దాటింది. అది కూడా దేనికీ రెండో భాగం కాదు. పైగా మంచి మాట ఒకటి నీ పక్షాన చెప్పాలి. ‘ముత్తు’ స్వయంగా మలయాళ ‘తేన్మావిన్ కొంబత్తు’కు రీమేక్. కాబట్టి రీమేక్ సముద్రం దాటదని నేను అనను. దాటినప్పుడు అది కొత్త ఒంటితో దాటిందని మాత్రం అంటాను.

సీక్వెల్ మీద కూడా నాకు కోపం లేదు. 2025 జనవరిలో చైనాలో వచ్చిన ‘నె జా 2’ రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. అది రెండో భాగమే. ఆ సొమ్ములో అత్యధిక భాగం ఇచ్చింది వాళ్ల సొంత జనమే. వాళ్ల పురాణం, వాళ్ల పిల్లలు. బయటి దేశాల్లో వచ్చింది దానితో పోలిస్తే చాలా కొంచెం. సొంత ఊరిని నమ్ముకుని ప్రపంచంలోనే పెద్ద వసూళ్లు తేవచ్చని చూపిన లెక్క అది. ప్రపంచ మార్కెట్ అంటూ తిరిగే నువ్వు ఆ లెక్కను ఎంతో వినయంగా పక్కన పెట్టావు.

ఇక రీమేకుల్లో నీ స్నేహధర్మాన్ని ఎంత పొగిడినా తక్కువే. పక్కింటి కథ బాగుంటే, ఇంటిల్లిపాదీ అప్పటికే చూశారని తెలిసినా, మళ్లీ తెచ్చి పెడతావు. ‘లూసిఫర్’ తెలుగు డబ్బింగ్ వచ్చేసిన తర్వాత 2022 దసరాకు ‘గాడ్ ఫాదర్’ తీశావు. ఎప్పుడో 2015 నాటి ‘వేదాళం’ను ఎనిమిదేళ్లు దాచి, 2023 ఆగస్టు 11న ‘భోళా శంకర్’గా ఇచ్చావు. దానికి ముందురోజే వచ్చిన ‘జైలర్’ డబ్బింగ్‌కు మా దగ్గర జనం బారులు తీరారు. అదే అరవం నుంచి వచ్చిన రెండు సినిమాలు, ఒకే వారం. ఒకటి మాకు కొత్త, ఒకటి పాత. ఏది నిలిచిందో నీ రోజువారీ వసూళ్ల కాగితాలే చెప్పాయి. హిందీ వాళ్లు మన ‘జెర్సీ’ని, ‘అల వైకుంఠపురములో’ను తీసుకెళ్లి మళ్లీ తీస్తే అక్కడా అదే జరిగింది. అసలు సినిమా ఫోన్‌లో దొరుకుతున్నప్పుడు నకలుకు టికెట్ ఎవరు కొంటారు? ‘కబీర్ సింగ్’ ఆడింది కదా అంటావు. ఆడింది. వరంగల్ బిడ్డ సందీప్ రెడ్డి వంగా ‘అర్జున్ రెడ్డి’ తీసిన కసితోనే తన సినిమాను తానే మళ్లీ తీశాడు. 2013 నాటి ‘దృశ్యం’ కూడా తెలుగులో, కన్నడంలో, తమిళంలో, హిందీలో, సింహళంలో, చివరికి చైనా భాషలో బతికింది. ఏ దేశంలోనైనా పోలీసు ఉంటాడు, పిల్లల కోసం అబద్ధమాడే తండ్రి ఉంటాడు. తీసినవాళ్లు ఆ తండ్రిని తమ గడ్డ మీద వెతికి పట్టుకున్నారు.

మళ్లీ చెప్పడం మాకు తప్పుగా తోచదు, అది మా జిల్లా విద్య. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య జీవితమంతా ఒగ్గు కథ చెప్పాడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ. విన్నవాళ్లకు ముందే తెలిసిన కథలు. అయినా తెల్లవార్లూ కూర్చున్నారు. ఒగ్గు చెప్పేవాడు ఎదుట కూర్చున్న జనం ముఖాలు చూస్తాడు, ఆ ఊరి సంగతి కథలోకి లాగుతాడు, ఏడవాల్సిన చోట ఆగుతాడు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది కూడా చిందు యక్షగానంలో తెలిసిన కథలను మళ్లీ మళ్లీ ఆడినందుకే. మాకు దగ్గర్లోని బమ్మెరలో పోతన వ్యాసుడి భాగవతాన్ని తెలుగు చేశాడు. తనకు ప్రాణమైన గజేంద్రుడి దగ్గర, ప్రహ్లాదుడి దగ్గర మూలం కంటే ఎక్కువసేపు నిలిచాడు. పాలకుర్తిలో సోమన రాసిన బసవ పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్లాడు. రీమేక్ హక్కులు బయటి రాజ్యానికి పోవడం మా పాలకుర్తికి ఆరున్నర శతాబ్దాల కిందటే తెలుసు. ‘రాముడు భీముడు’ హిందీకి ‘రామ్ ఔర్ శ్యామ్’గా పోయిన రోజుల్లో నీకూ ఆ విద్య తెలుసు. అప్పుడు నీ దగ్గర అమ్ముకోవడానికి కథలుండేవి. ఇప్పుడు ఉన్నవి అంకెలు.

టికెట్ దగ్గర నీ దయ గురించి చెప్పకపోతే ఈ స్తోత్రం పూర్తి కాదు. ‘పుష్ప 2’ ముందురాత్రి ఆటకు తెలంగాణలో మామూలు ధర మీద ఇంకో 800 రూపాయలు తీసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నావు. మా దగ్గర రోజు కూలీ అంతకంటే తక్కువ. అయినా మా పిలగాళ్లు వెళ్లారు, ఎందుకంటే మొదటి భాగాన్ని వాళ్లు తమది అనుకున్నారు. ఆ రాత్రి, 2024 డిసెంబర్ 4న, హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. ఆ మరణం నీ వసూళ్ల పోస్టర్ల పక్కన ఉండాల్సిన అంకె. ఇక్కడ నేను పొగడలేను, క్షమించు.

ఒక్కో పెద్ద హీరోను ఒక్కో అంకె కోసం మూడేళ్లు దాచిపెట్టే నీ నిగ్రహం వల్ల మధ్యకాలంలో థియేటర్లకు ఆడించడానికి ఏమీ మిగలడం లేదు. ‘పుష్ప’ ఒకటికి, రెండుకు మధ్య దాదాపు మూడేళ్లు. ఆ మధ్యలోనే, 2024 మే నెలలో, ఎన్నికలూ ఐపీఎల్‌తో పాటు సినిమాల కరువు కూడా తోడై, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు మూసేస్తామని యజమానులే ప్రకటించారు. కరెంటు బిల్లుకు, జీతాలకు కూడా ఆట డబ్బు రావడం లేదన్నారు. డాలస్‌లో ఒక వారాంతం నిండడానికి మండల కేంద్రాల్లో ఏడాది ఎండాలి. ఈ తూకంలో నువ్వు ఎటు మొగ్గావో నాకు తెలుసు. ఆ మొగ్గు నిన్ను ఇప్పటికి కాపాడింది, అది కూడా నిజమే. కానీ ఇక్కడ థియేటర్‌కు వెళ్లే అలవాటు తప్పిన పిల్లవాడు రేపు ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోనో ఉద్యోగానికి వెళ్తాడు. అక్కడ నీ ప్రీమియర్‌కు క్యూ కట్టాల్సింది వాడే. ఓవర్సీస్ అని నువ్వు పిలిచేది చాలావరకు మా ఇళ్లల్లోంచి వెళ్లిన పిల్లలే తల్లీ. వాళ్లకు సినిమా పిచ్చి ఇక్కడ, ఈ ఊళ్ల బెంచీల మీద పట్టింది.

నీకు చేతకాదని నేను ఏనాడూ అనను. ‘బలగం’ నీ చేతుల మీదుగానే వచ్చింది. చావు ఇంట్లో పిట్ట ముట్టని ముద్ద చుట్టూ తిరిగిన కథ, మా మాట, మా ఏడుపు. దుగ్గొండి కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య గొంతులతో అది ముగిసింది. ఊళ్లకు ఊళ్లు గుడి ముందు, పంచాయతీ ముందు తెర కట్టుకుని కలిసి చూశాయి, మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. 2025లో ‘కోర్టు’ కూడా అంకె లేకుండా, పెద్ద హీరో తెర మీద లేకుండా, ఇక్కడా ఆడింది, అమెరికాలోనూ ఆడింది. ఈ రెండింటినీ ఆదరించినవాళ్లూ మేమే, ‘బాహుబలి 2’ను ఆదరించినవాళ్లూ మేమే.

కల్కి రెండో భాగం తీయి, దేవర రెండో భాగం తీయి, వస్తాం. సంక్రాంతి నీ అంకెలకే ఉంచుకో, దసరా ఉంచుకో, వేసవి సెలవులూ ఉంచుకో. ఇంకా ఎవరికీ పేరు తెలియని కథలకు ఏడాదిలో కొన్ని శుక్రవారాలు ఇవ్వు, ఊళ్లలో కూలి డబ్బుతో కొనగలిగే టికెట్‌తో ఇవ్వు. పరీక్షల కాలమని నువ్వు వదిలేసే మార్చి అయినా సరే. ‘బలగం’ 2023 మార్చి 3న వచ్చింది, ‘కోర్టు’ 2025 మార్చి 14న వచ్చింది.