మస్టరున్న మనిషికి పద్మం లేదు

పద్మ పురస్కారాల నిబంధన మహా ఉదారంగా మొదలవుతుంది: జాతి, వృత్తి, హోదా, ఆడామగా తేడా లేకుండా అందరూ అర్హులే. సింగరేణి వారి మందమర్రి కేకే-5 బాయిలో దిగే టింబర్‌మన్ ఇక్కడికే చదివి ఆపేస్తే సుఖపడతాడు. ఆ వెంటనే ఇంకో ముక్క ఉంది. ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసేవాళ్లు అనర్హులు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు. సింగరేణిలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. కాబట్టి రూఫ్ కూలకుండా సపోర్టులు పెట్టే మనిషి నూటికి నూరుపాళ్లూ అనర్హుడు. అతని కాలు విరిగితే కట్టు కట్టే కంపెనీ డాక్టరు అర్హుడు, కాలే అనర్హం. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడి పేరు కంపెనీ రోల్స్‌లో ఉండదు గనుక, అక్షరం పట్టుకుని చదివితే, అతనికి అడ్డేమీ లేనట్టే ఉంది. పర్మనెంటు చేయమని ధర్నాకు కూర్చునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి, పద్మశ్రీ చేజారిపోతుంది.

అధికారులు తమలో తామే పతకాలు పంచుకోకుండా పెట్టిన కట్టడి ఇది అంటారు. మంచి మాటే. పేర్లు వడపోసే కమిటీకి కేబినెట్ కార్యదర్శే అధ్యక్షుడు, హోం కార్యదర్శి సభ్యుడు; ఆ గది చుట్టూ తిరిగేవాళ్లను దూరం పెట్టాల్సిందే. ఫస్ట్ షిఫ్టుకు దిగేవాడు ఆ గదిలో ఎవరిని పట్టుకుంటాడు? పై మెట్టు మీద ఈ జాగ్రత్తా కనపడదు. నెహ్రూ 1955లో, ఇందిరాగాంధీ 1971లో ప్రధాని కుర్చీలో ఉండగానే భారతరత్నలయ్యారు. మన మంథని నుంచి అసెంబ్లీకి వెళ్లిన పీవీకి మాత్రం అది ఆయన పోయిన దాదాపు ఇరవై ఏళ్లకు, 2024లో వచ్చింది. కార్మికులకు శ్రమ రత్న, శ్రమ వీర్ ఉన్నాయి కదా, ప్రాణాలు కాపాడితే జీవన్ రక్షా పతకం ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉన్నాయి. పెళ్లిలో పనివాళ్లకు వేరే పంక్తి వేసి, వంట ఒకటే కదా అన్నట్టు. 1989లో రాణీగంజ్ మహావీర్ గనిలో వరద నీళ్లు చుట్టుముట్టిన 65 మందిని ఉక్కు క్యాప్సూల్‌లో ఒక్కొక్కరిగా పైకి పంపిన కోల్ ఇండియా ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్‌కు దక్కింది ఆ రెండో పంక్తే.

సరే, రిటైరయ్యాక అందరూ అర్హులే. అరవై ఒక్క ఏళ్లు నిండి క్యాప్ ల్యాంపు అప్పజెప్పి వచ్చాక తన పేరు తానే ఆన్‌లైన్‌లో పంపుకోవచ్చు, చేసిన విశిష్ట కృషిని 800 పదాలు దాటకుండా రాసి. తను సపోర్టు పెట్టిన చోట ముప్పై ఏళ్లలో ఒక్కసారీ రూఫ్ కూలలేదని రాస్తాడనుకుందాం. జరగని ప్రమాదానికి పేపర్ కటింగులు ఎక్కణ్ణుంచి తెస్తాడు?