మల్కిభరాముల వారికి ఒక బిడారు మనవి

గోలకొండ ఏలిన మల్కిభరాముల వారి దివ్యసముఖానికి,

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేసుకునేవాడు దండం పెట్టి రాసుకున్న మనవి.

విషయం: బండిలో పడుకునే సంసారికి రాత్రి ఆగే జాగా గురించి.

అయ్యా, ఇప్పటి అధికారులను వదిలేసి 1580లో కన్నుమూసిన తమరికి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఇప్పుడు రాస్తే ఇది రవాణా శాఖదా, పర్యాటక శాఖదా, నగరపాలికదా అని తేలేసరికి మా పిల్లలకు పెళ్ళిళ్ళయిపోతాయి. తమరి హయాంలో అన్ని శాఖలూ తమరే. పైగా పట్టానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల పంచన తలదాచుకున్నవారు. పరాయి ఊళ్లో రాత్రి ఎక్కడ నడుం వాల్చాలన్న బెంగ తమరికి కొత్త కాదు.

డాలస్‌లో ఉన్న మా తోడల్లుడు ఏటా మే నెలాఖరు సెలవులకు ఆర్వీ అద్దెకు తీసుకుంటాడు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఉన్న బండి అది. మన దగ్గర కారవాన్ అంటాం, అందులో సినిమా హీరోలు తప్ప ఎవరూ కూర్చోరనుకుంటాం. అక్కడి క్యాంప్‌గ్రౌండ్లలో బండి ఆపిన చోటే నీళ్ల కుళాయి, కరెంటు ప్లగ్గు, మురుగు పోయే గొట్టం ఉంటాయట. ఇలాంటి జాగాలు నడపడానికే కేఓఏ అనే సంస్థ 1962లో మోంటానాలో పుట్టింది. చెట్టు కింద మా మరదలు పులిహోర కలుపుతున్న ఫొటో ఇంటి గ్రూపులో పడింది. అంతే, మా ఇంట్లో శాంతి పోయింది.

ఒంటిపూట బడులు మొదలవగానే నేనూ ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకు తెచ్చాను. శుక్రవారం రాత్రి అందులోనే పడుకుని తెల్లారుజామున వికారాబాద్ వైపు పోదామని. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎత్తు చాలలేదు. వీధిలో ఆపితే ఎదురింటాయన గేటుకు అడ్డమన్నాడు. చివరికి ఒక ఐటీ పార్కు గోడ వెంబడి ఆపాం. ఏసీకి ప్లగ్గు లేదు. ఇంజిన్ నడుపుతూ నిద్రపోతే విషవాయువు లోపలికొచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కిటికీ తీస్తే దోమలు. మా ఆవిడ తడి తువ్వాలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది. పదకొండున్నరకు తలుపు మీద లాఠీ చప్పుడు.

"సార్, షూటింగా? హీరో ఎవరు?"

సెక్యూరిటీ అతని వెనక షిఫ్టు దిగిన కుర్రాళ్లు నలుగురు అప్పటికే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను నిక్కరుతో, చేతిలో దోమల బ్యాటుతో దిగాను. ఫోన్లన్నీ ఒక్కసారే జేబుల్లోకి పోయాయి.

"హీరో లేడా? అయితే బండి తీసేయండి సార్."

అయ్యా, ఆ గోడకు పది కిలోమీటర్ల లోపే షేక్‌పేట సరాయి ఉంది. తమ వంశం ఏలుబడిలో కట్టిందే. బాటసారులకు గదులు, వాళ్లను మోసుకొచ్చిన గుర్రాలకూ ఒంటెలకూ శాలలు. మనిషికీ బండికీ ఒక్కచోటే బస అన్న లెక్క అప్పుడే తేల్చేశారు. 2022లో షేక్‌పేటలో ఫ్లైఓవర్ తెరిచారు. సరాయిని దాటిపోవడం ఇంకా తేలికైంది. 1578లో తమరు మూసీ మీద కట్టించిన వంతెన దగ్గరి పేటకు వర్తకుల బిడార్లు ఆగినందుకే కార్వాన్ అని పేరు. పేరు ఓటరు జాబితాలో భద్రంగా ఉంది, బిడారుకే చోటు లేదు. 2021లో కారవాన్ విధానం తెచ్చి, వాగమన్‌లో పార్కు తెరిచింది ఎవరనుకున్నారు? కేరళవాళ్లు.

నేను అడిగేది కోట కాదు. అవుటర్ రింగురోడ్డు 158 కిలోమీటర్లుంది. దాని పక్కన ఎక్కడో ఒకచోట ఎకరం నేల, పది ప్లగ్గులు, పది కుళాయిలు, మురుగుకు ఒక తొట్టి, నాలుగు వేపచెట్లు ఇప్పించండి. రుసుం కట్టుకుంటాం. గంటల లెక్కన మాత్రం వద్దు, తెల్లవార్లూ లేచి టోకెను మార్చుకోలేం.

ఆ రాత్రి ఒంటిగంటకు చేవెళ్ల దగ్గర మా మేనమామ మామిడి తోటకు చేరాం. బోరు మోటారు స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి ఏసీ వేశాడు. పొద్దున్నే ముంజలు కొట్టించి పెట్టాడు. తమ ఫర్మానా వచ్చేదాకా హైటెక్ సిటీవాళ్ల క్యాంప్‌గ్రౌండ్ అదే. ముందుగా మామయ్యకు ఫోన్ చేసి రండి.

ఇట్లు,
హీరో కానివాడు