టికెట్టు మీద జీవకారుణ్యం

నయాగరా చూపించాక, గుడి చూపించాక, కాస్ట్‌కో చూపించాక, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని అమెరికా కొడుకు ఫ్లోరిడా తీసుకెళ్తాడు. ఓర్లాండోలో ఓ రోజు డిస్నీ, ఓ రోజు సముద్రజీవుల పార్కు సీవరల్డ్. పులిహోర డబ్బా కారు డిక్కీలో ఉంటుంది. "ఇక్కడ జంతువుల్ని ఎంత బాగా చూసుకుంటారో చూడండి నాన్నా" అంటాడు అబ్బాయి. నాన్నగారు తలూపుతారు. టికెట్ ధరని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక, బాగా చూసుకోవడం లేదేమోనన్న అనుమానం పెట్టుకునే స్తోమత ఎవరికుంటుంది?

సీవరల్డ్ ప్రతిభంతా అక్కడే ఉంది. టన్నుల బరువున్న ఓర్కా తిమింగలాన్ని గాల్లోకి ఎగిరించడం చిన్న విద్య. దానికి ఒక ఈల, ఒక బకెట్టు చచ్చిన చేపలు సరిపోతాయి. డబ్బిచ్చి తమాషా చూసినవాడు పుణ్యం కూడా మూటగట్టుకున్నానని నమ్మి బయటికి రావాలి చూడండి, అదీ విద్యంటే. మన వీధిలో బస్సు గుంటలోంచి పోయి నాలుగు చుక్కలు చిమ్మితే డ్రైవరు వంశమంతటినీ తలుచుకునే పెద్దమనిషి, ఇక్కడ ఓర్కా చిమ్మే నీళ్లకి తడిసే వరసల్లో సీటు కోసం ముందే వెళ్లి కూర్చుంటాడు.

1964లో శాండియాగోలో ఈ కంపెనీ పెట్టిన నలుగురు కాలేజీ మిత్రులు మొదట అనుకున్నది నీళ్లకింద భోజన హోటలు. అది కుదరక పార్కు పెట్టారు. హోటలు కోరిక మాత్రం వృథా పోలేదు. ఓర్లాండోలో సొరచేపల తొట్టి పక్కనే బల్లలు వేసి చేపల వంటకాలు వడ్డించారు. సముద్రజీవుల మీద ప్రేమ పుట్టాక ఆకలి కూడా పుడుతుంది కదా.

1965లో పట్టుకొచ్చిన ఆడ ఓర్కా పేరు షాము. 1971లో అది చచ్చిపోయింది. పేరు మాత్రం చావలేదు. తర్వాత వచ్చిన ఓర్కాలన్నీ వేదిక మీద షాములే, అదీ ఒకేసారి వేర్వేరు ఊళ్లలో. మన సినిమావాళ్లు వారసుణ్ని నిలబెట్టడానికి జిమ్ములో ఏళ్లు, పోస్టర్లలో కోట్లు పోస్తారు పాపం. వీళ్లు పేరు తీసి పక్క జంతువుకి తగిలించేశారు. పిల్లలు ఏడవకుండా, బొమ్మల కొట్టు మూతపడకుండా ఒక్క దెబ్బతో రెండు పనులయ్యాయి.

అన్నిటికంటే పెద్ద కథ తిలికుమ్ అనే మగ ఓర్కాది. 1983లో ఐస్‌లాండ్ దగ్గర వలలో పడేనాటికి దానికి రెండేళ్లు. కెనడాలో విక్టోరియా నగరం దగ్గరి పార్కుకి అమ్మారు. 1991లో అక్కడ ఒక యువ ట్రైనర్ కొలనులో పడింది. తిలికుమ్, తోటి ఓర్కాలు కలిసి ఆమెను పైకి రానివ్వలేదు. ఆ పార్కు మూతపడింది, తిలికుమ్ 1992లో ఓర్లాండో చేరింది. అంతటి చరిత్ర ఉండి కూడా అమెరికాలో అడుగుపెట్టనిచ్చారంటే, హెచ్‌-1బీ స్టాంపింగు కోసం పెళ్లిళ్లు వాయిదా వేసుకునే మన పిల్లలు కుళ్లుకోవాల్సిందే. అర్హత లేదనకండి, వీర్యం ఉంది. ఇరవై ఒక్క పిల్లలకి తండ్రి.

1999లో, పార్కు మూసేశాక లోపల ఉండిపోయిన ఒక మనిషి తెల్లారేసరికి తిలికుమ్ వీపు మీద శవమై కనిపించాడు. 2010 ఫిబ్రవరి 24న సీనియర్ ట్రైనర్ డాన్ బ్రాన్షోని అదే ఓర్కా నీళ్లలోకి లాగి చంపింది. జారిపడిందని మొదట వినిపించింది, తర్వాత తప్పు ఆమె జడ మీదికి వచ్చింది. ఏడాది గడిచిందో లేదో తిలికుమ్ మళ్లీ ఆటలోకి దిగింది.

కార్మిక భద్రత చూసే ప్రభుత్వ శాఖ 75,000 డాలర్ల జరిమానా వేసింది. అది విచారణలో 12,000కి కరిగింది. దాన్నీ ఒప్పుకోక కంపెనీ పైకోర్టుకెళ్లింది. 2014లో ఇద్దరు జడ్జీలు ప్రభుత్వం వైపు నిలబడితే, మూడో ఆయన మాత్రం ఫుట్‌బాల్‌లో ప్రమాదం లేదా, కార్ల పందెంలో లేదా అని అడిగారు. ఆయన పేరు బ్రెట్ కవనా. నాలుగేళ్లకి సుప్రీంకోర్టుకెక్కారు.

ఈలోగా 2013లో 'బ్లాక్‌ఫిష్' డాక్యుమెంటరీ వచ్చి తిలికుమ్ కథ ఇంటింటికీ చెప్పింది. జనం తగ్గారు. సినిమాకీ దీనికీ సంబంధం లేదని కంపెనీ మదుపరులకు చెబుతూ వచ్చింది. ఇది వాళ్లని తప్పుదోవ పట్టించడమేనని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ కేసు పెడితే, 2018లో కంపెనీ, దాని మాజీ అధిపతి కలిసి 50 లక్షల డాలర్లకు పైగా చెల్లించి బయటపడ్డారు. పక్కపక్కన పెట్టి చూడండి: ఉద్యోగిని ప్రాణం పోయిన కేసుకి పన్నెండు వేలు, వాటాదారుడి మనసు నొచ్చుకున్నందుకు యాభై లక్షలు. ఆ దేశంలో జీవకారుణ్యం లేదని ఎవరన్నారు? జీవి ఏదన్నదే ప్రశ్న.

జంతు హక్కుల వాళ్ల గుంపులోకి తమ ఉద్యోగుల్నే ఉద్యమకారుల వేషం వేయించి పంపామని 2016లో కంపెనీయే ఒప్పుకుంది. డాల్ఫిన్ కంటే బాగా ఆడే ఆటగాళ్లు ఆఫీసులోనే ఉన్నారన్నమాట. 2024లో మాతృసంస్థ పేరు మార్చుకుని యునైటెడ్ పార్క్స్ అండ్ రిసార్ట్స్ అయింది. పేరులోంచి సముద్రం వెళ్లిపోయింది. ఓర్కాలు మాత్రం తొట్లలోనే ఉన్నాయి.

నిజం చెప్పొద్దూ, గాయపడ్డ మనాటీలనే నీటి జంతువులకు వైద్యం చేసి తిరిగి నీళ్లలో వదిలే పని కూడా వీళ్లు చేస్తారు. మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా, వదిలేసిన జంతువు మధ్యాహ్నం ఆటకి రాదు.

మనమేం తక్కువ తిన్లేదు. పులి, సింహం, ఎలుగుబంటి, కోతి సర్కస్‌లో ఆడకూడదని 1998లోనే మన ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. డాల్ఫిన్లకి ఉన్న తెలివిని బట్టి వాటిని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలంటూ 2013 మేలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకీ అడ్డుకట్ట వేసింది. గర్వంగా ఉంటుంది. ఆ గర్వం శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్ దాకా మనతోనే వస్తుంది. దుబాయ్‌లో దిగేసరికి డాల్ఫిన్‌తో ఫోటోకి ఎంతని అడుగుతాం. 2023లో అబుదాబిలోనూ సీవరల్డ్ తెరిచారు కాబట్టి ఇక అమెరికా వీసా బాధ కూడా లేదు. అక్కడ ఓర్కాలు లేవు, డాల్ఫిన్లున్నాయి. స్టేటస్‌లో పెట్టే ఫోటో కింద "సో క్యూట్" అని రాయడానికి అవి చాలు.

ఓర్కాలను ఇక పెంచబోమని, ఉన్నవే చివరి తరమని 2016లో కంపెనీ ప్రకటించింది. ఆ చివరి కాన్పులో 2017 ఏప్రిల్‌లో పుట్టిన కియారా మూడు నెలలకే పోయింది. అది తిలికుమ్ మనవరాలు. తాత అదే ఏడాది జనవరిలో పోయాడు. మిగిలిన వాటిని సముద్రంలోకి పంపరు, బతికినన్నాళ్లూ అక్కడే. ఆడ ఓర్కాలు యాభై ఏళ్లు, అంతకు పైనా బతకగలవు. మన ఊళ్ల టూరింగ్ టాకీసు వాళ్లు "నేడే ఆఖరి ఆట" అని రిక్షాలో మైకు కట్టి తిప్పి, ఆ ఆఖరి ఆటనే నెలరోజులు ఆడించేవాళ్లు. వీళ్లు పాతికేళ్లయినా ఆడిస్తారు, సీజను పాసులు కూడా అమ్ముతున్నారు.