మొప్ప ఎత్తి చూస్తే చాలేది

ఒరే మనవడా, ఫోనులో వేలు నొక్కితే చేప ముక్కలై గుమ్మంలోకి వచ్చిందని సంబరపడిపోకు. మా రోజుల్లో ఎలమంచిలి సంతలో చేప కొనాలంటే మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసేవాళ్లం, కన్ను చూసేవాళ్లం, ఒళ్లు నొక్కి చూసేవాళ్లం. కొండకర్ల ఆవ సరస్సు నుంచి కొర్రమీనూ ఇంగిలాయీ బతికుండగానే వచ్చేవి. ఆవలో రెండు తాటిబోదెలు జోడించి కట్టిన దోనె మీద నిలబడి వల విసిరేవాళ్లను చూస్తే పొద్దే తెలిసేది కాదు. పులుసులో చింతపండు ఎక్కువైందని మా తాత అలిగాడు గానీ, చేప మంచిదా కాదా అని ఎవరూ బెంగపడలేదు. చెడితే ముక్కే చెప్పేది.

ఇప్పటి చేటు ముక్కుకు అందదు. నీళ్లలో కలిసే సీసం, కాడ్మియం, పాదరసం పులుసు ఎంత మరిగినా పోవు. నీళ్లలో రాగి, జింకు బాగా ఎక్కువైతే మొప్పల మీద జిగురు పేరుకుని చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అదైనా కంటికి కనిపిస్తుంది. కొద్దికొద్దిగా ఎక్కేదే అసలు అన్యాయం. కాడ్మియం చేప కాలేయంలో, మూత్రపిండాల్లో చేరి కూర్చుంటుంది. ఒంట్లో కాల్షియాన్ని తారుమారు చేసి వెన్ను వంకర తిప్పుతుంది. రాగి ముక్కును మొద్దుబారిస్తే, తనను తినేది దగ్గరికొచ్చినా చేప కదలదు. పాదరసం అడుగు బురదలో సూక్ష్మజీవుల వల్ల మిథైల్ పాదరసమై, చిన్న చేపను మింగిన పెద్ద చేపలో పోగుపడుతుంది. మనకు ప్రాణమైన కొర్రమీను అలాంటి వేటచేపే. పైగా నీటిపైకొచ్చి గాలి పీల్చుకునే రకం, పాడునీళ్లలోనూ నిక్షేపంగా ఈదుతుంది. ఇక మొప్ప ఎత్తి నేనేం కనిపెట్టను? 1956లో జపాన్‌లోని మినమాటాలో చేపలు తిన్న మనుషుల కాళ్లూ చేతులూ పట్టుతప్పాక గానీ పాదరసం సంగతి బయటపడలేదు.

మన దగ్గర 1977లో విశాఖలో జింకు స్మెల్టర్ మొదలైతే ఉద్యోగాలొస్తాయని పండగ చేసుకున్నాం. జింకు ఖనిజం వెంట కాడ్మియం కూడా వస్తుందని మాకెవరు చెప్పారు? అది 2012లో మూతపడింది. ఈలోగా మన చుట్టుపక్కల పరవాడ, అచ్యుతాపురం కంపెనీలతో నిండిపోయాయి. ఆ జీతాలతోనే మన ఇంట్లో చదువులు సాగాయి, కాదనను. మా చిన్నప్పుడు ఆకలి కూడా ఉండేది, చేప అంత రుచిగా అనిపించింది అందుకేనేమో.

అయినా నువ్వు చదువుకున్నవాడివి. ఆవలో, శారదా నదిలో అడుగు మట్టినీ చేపల కాలేయాన్నీ ఏడాదికోసారి పరీక్షించి, ఆ అంకెలు తెలుగులో సంత గోడకు అంటించమని దరఖాస్తు రాయి. సంతకం పెట్టడానికి నేనొస్తాను.