ఆదివారం మీద ఒక మహజరు

బొంబాయి మిల్లు కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే అనే మహానుభావుడు యజమానులతో ఏళ్ల తరబడి పోరాడి, 1890లో ఆదివారం సెలవు సాధించిపెట్టాడు. ఆయనకు చేతులెత్తి మొక్కుతూనే ఒక లోపం మనవి చేసుకుంటున్నాను. మిల్లుకి సెలవిస్తే మగాడు వెళ్లేది ఇంటికే కదా, అక్కడ వాడి గతేమిటన్న సంగతి ఆ ఒప్పందంలో ఎవరూ రాయించలేదు.

మా ఇంట్లో ఆదివారం శనివారం రాత్రే మొదలవుతుంది. భోజనాలయ్యాక మా ఆవిడ ఎంతో మెత్తగా, "ఏవండీ, రేపు మీకు పనేం లేదుగా?" అంటుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పి బతికి బట్టకట్టిన మొగుణ్ణి నేనింకా చూడలేదు. లేదంటే జాబితా చేతికొస్తుంది. ఉందంటే ఆ పనేమిటో చెప్పమంటుంది. నిద్ర అనేది పని కిందికి రాదని ఈ ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది.

పొద్దున్నే మెహిదీపట్నం రైతుబజారు. రైతుకీ కొనేవాడికీ మధ్య దళారి ఉండకూడదని 1999లో పెట్టిన ఏర్పాటది. దళారి పోయాడు, నిజమే. రైతుకీ మా ఆవిడకీ మధ్య నేను మిగిలాను. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఫోను. "బెండకాయ ముక్కు విరిచి చూశారా? టక్కున విరగాలి." విరిచాను. "నాకు వినపడలేదు." మళ్లీ విరిచాను. నాలుగోది విరుస్తుంటే ఆ రైతు నా మొహం వంక ఒకసారి, ఫోను వంక ఒకసారి చూసి, "అమ్మగారికి నేను చెప్తా, ఇటియ్యండి సార్" అన్నాడు. ధరలు బోర్డు మీద రాసే ఉంటాయి, బేరానికి తావు లేదు. అయినా ఇంటికి రాగానే, "టమాటా ఎంతకిచ్చాడు?" అని విచారణ తప్పదు. బోర్డు ధరే అంటే, "మీ మొహం చూసి ఉంటాడు" అంటుంది.

పిండిమర, ఇస్త్రీ బట్టలు, కుక్కరు గాస్కెట్టు, మావాడి ప్రాజెక్టుకి చార్టు, ఇవి దారి ఖర్చుల్లాంటివి, లెక్కలోకి రావు.

అసలు పని ఫ్యాన్లు తుడవడం. పాత దిండుగలీబు రెక్కకి తొడిగి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుందని యూట్యూబులో ఎవరో చెప్పారట. పడుతుంది, కాదనను. గలీబు పట్టని మోటారు గిన్నె మీద, వంటింటి జిడ్డుతో కలిసి అట్టకట్టిన దుమ్ము మాత్రం నా కళ్లద్దాల మీదే పడుతుంది. మంచమ్మీద స్టూలు, స్టూలు మీద నేను. కింద కుర్చీలో మా అమ్మ. "ఒరేయ్, ఆ అంచు వదిలేశావు. మీ నాన్నగారైతే..." అంటుంది. మా నాన్న జన్మలో ఫ్యాను తుడవలేదు. అప్పట్లో ఆ పని నాదే.

మధ్యాహ్నం కన్ను మూతపడే వేళకి, "పిల్లాణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్లండి" అని ఆజ్ఞ. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. అది శుక్రవారం హాయిగా సెలవు తీసుకుంటుంది, ఆదివారం మాత్రం తెరిచి ఉంటుంది. అక్కడి గడియారంలో గంట కొట్టే బొమ్మ ఒకటుంది. వేళకి బయటికొస్తాడు, కొట్టాల్సినన్ని కొడతాడు, లోపలికి పోతాడు. ఆ ఉద్యోగానికి అర్హతలేమిటో కనుక్కోవాలి. పక్కనే సుత్తి పట్టుకుని సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మను మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాడికి వారం లేదు, వర్జ్యం లేదు. కాసేపు వాడి ఎదురుగా మౌనంగా నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఇక చట్టమే దిక్కని 1948 నాటి కర్మాగారాల చట్టం తిరగేశాను. రోజుకి తొమ్మిది గంటలు మించకూడదు, మించితే రెట్టింపు వేతనం అని ఉంది. నా వేతనాన్ని రెట్టించినా సున్నాయే కనుక ఆ క్లాజు వదులుకున్నాను. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోరాదనీ ఉంది. మావాడికి పదమూడు. ఆ ఒక్క ముక్క చదువుకుని చీపురు అవతల పారేశాడు.

నా గొడవంతా విని మా ఆవిడ పేపరు కత్తిరింపు ఒకటి తెచ్చి ముందు పెట్టింది. 2019 కేంద్ర సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారట. చూశారా అన్యాయం! 97ని ఏడుతో హెచ్చిస్తే 679 నిమిషాలు, అంటే పదకొండు గంటల పంతొమ్మిది నిమిషాలు. అదంతా నా దగ్గర ఆదివారం ఒక్కరోజే వసూలు చేస్తున్నారు. 299ని కూడా ఏడుతో హెచ్చించమని మా ఆవిడ కేలుక్యులేటరు అందించింది. అది ఈ మహజరు పరిధిలోకి రాదని విన్నవించుకున్నాను.

చివరి చిక్కు ఒకటుంది. కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తేనే అది కర్మాగారం అంది పాత చట్టం. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడు ఆ పదిని ఇరవై చేసింది. మాకు కరెంటుంది, ఫ్యాన్లున్నాయి, మోటారుంది. మనుషులే నలుగురం. కనుక ఆదివారం ఖాళీగా ఉండే మగ పాఠకులు పదహారు మంది దయచేసి మా ఇంటికి రావలసిందిగా ప్రార్థన. భోజనం మాదే. స్టూలు ఒకటే ఉంది, తలా ఒకటి తెచ్చుకోండి.