ఝషం పులుసు

ఉడుతకు గీతలు లేవు. మనవరాలికి కొన్న బొమ్మల అక్షరమాలలో ‘ఉ’ గడిలో కూర్చున్న జంతువుది ఎర్రటి ఒళ్లు, ఒంటికన్నా పెద్ద తోక. చేతుల్లో ఏదో విదేశీ కాయ. వీపు మాత్రం నున్నగా ఉంది. వారధి కట్టేటప్పుడు రాముడు నిమిరితే పడ్డ మూడు గీతల్ని మన వైపు ఏ ఉడుతా ఇంతవరకు చెరుపుకోలేదు. మా వీధిలో తిరిగే ఉడుతలు కనపడ్డప్పుడల్లా వాటికి సంజాయిషీ చెప్పుకోవాలనిపిస్తోంది.

పోనీ, ఉడుత ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. ‘ఇ’ దగ్గరి ఇంటికి పొగగొట్టం ఉంది. మంచు జారిపోయేలా ఏటవాలుగా దించిన పైకప్పు ఉంది. మే నెలలో రెంటచింతల వాళ్లకు ఈ పేజీ చూపించడం నేరం. ‘ఆ’ దగ్గర నల్లమచ్చల సీమావు నిలబడింది. దానికి గంగడోలు లేదు, మూపురం లేదు. మన ఒంగోలు జాతి ఓడెక్కి బ్రెజిల్ దాకా పోయింది. అక్కడ మన నెల్లూరు పేరునే ‘నెలోరె’ అని పెట్టుకుని దేశం నిండా మందలు మందలైంది. అంతదూరం పోగలిగిన పశువు తెలుగు అక్షరమాలలో ‘ఆ’ గడి దాకా రాలేకపోయింది. ‘ఒ’ దగ్గరి ఒంటెకేమో రెండు మూపురాలు. రాజస్థాన్ ఒంటెకు ఉండేది ఒకటే. ఆవు దగ్గర మిగిలిపోయింది వృథా పోకుండా ఒంటెకు సర్దుబాటు చేసినట్టున్నారు.

బొమ్మలు సముద్రాలు దాటి వస్తే, మాటలు ఆకాశం నుంచి దిగాయి. ‘ఖ’కు ఖడ్గం, ‘ఘ’కు ఘటం, ‘ఛ’కు ఛత్రం. మా పిల్ల బొమ్మ చూసి వరసగా కత్తి, కుండ, గొడుగు అంటుంది. ఇంట్లో మేం నేర్పిన మాటలే. పుస్తకం లెక్కన మూడూ తప్పులే.

ఇక ‘ఝ’. దాని పక్కన నవ్వుతున్న చేప. పేరు ఝషం.

ఈ ఝషం ఏ చెరువుదో నాకు అంతుపట్టలేదు. కొర్రమీను తెలుసు, బొచ్చె తెలుసు. శీలావతి, వంజరం, చందువా, పండుగప్పలతో కూడా పరిచయం ఉంది. సాక్షాత్తూ విష్ణుమూర్తి ఎత్తింది మత్స్యావతారమే గాని ఝషావతారం కాదు. జ్యోతిష్కులు మీనరాశితో సరిపెట్టుకున్నారు. ప్రభుత్వం మత్స్యశాఖతో నెట్టుకొస్తోంది. ఒక్క మన్మథుడికి మాత్రం, జెండా మీద చేప ఉంటుంది కాబట్టి, ఝషకేతనుడని పేరు. ఆయన సంగతులు మూడేళ్ల పిల్లకు ఇప్పుడే ఎందుకు?

సరే, పుస్తకం మాటే ఖాయం చేద్దాం. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్తాను. “కిలో ఝషం తూచమ్మా, పులుసు ముక్కలు కొట్టు” అంటాను. ఆవిడ చేతిలో కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూస్తుంది. “అలాంటివి ఇక్కడ అమ్మం పెద్దాయనా, మెడికల్ షాపులో అడుగు” అంటుంది. మృగశిర కార్తె వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం వాళ్లంతా బారులు తీరి ఝషప్రసాదం మింగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి వాళ్లు ఇకమీదట పుస్తెలమ్మి ఝషం తినాలి. అదేమిటో తేల్చుకోకుండా పుస్తెలు తీసిచ్చే ఇల్లాలు గోదావరి జిల్లాల్లో దొరకదు. వరదనీటికి ఎదురీదుకుంటూ సముద్రం నుంచి వచ్చే పులస ఈ కొత్త పేరు వింటే ధవళేశ్వరం దాకా రాకుండానే వెనక్కి మళ్లుతుంది. ఝషం పులుసు కూడా మర్నాటికే రుచా? ముల్లు గొంతులో అడ్డంపడితే అన్నం ముద్ద మింగాలా, ‘ఝ’ గట్టిగా వత్తి పలకాలా? ఇంట్లో అడిగితే, “మీకు పనేం లేదా” అన్న జవాబు వచ్చింది.

లేదు. అందుకే దుకాణానికి వెళ్లి చేతికందిన అక్షరమాలలన్నీ తిరగేశాను. అట్టలు వేరు, ధరలు వేరు. లోపల మాత్రం అదే ఉడుత. నవ్వులాటకు చెబుతున్నాను గానీ ఒళ్లు మండింది. ఈ పుస్తకం లాగితే చిరగదు, నీళ్లు పోస్తే తడవదు, దిద్దిన గీతలు గుడ్డతో తుడిస్తే పోతాయి. కాగితం మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు, దాని మీద వేసేదాన్ని ఎవరికి అప్పగించారు? ‘ప’కు కింద చిన్న గీత చేరితే ‘ఫ’. సొగసు కోసం ఎంచుకున్న లావుపాటి అచ్చులో ఆ గీత కాస్తా కలిసిపోయింది. కాబట్టి ఇందులో పలకా, ఫలమూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. రేపు బళ్లో పిల్ల ఫలాన్ని పలంగా రాస్తే ఎర్రసిరా పడేది ఎవరి పలక మీద? డబ్బులిచ్చి కొన్నవాళ్లం మనం. తప్పు మాత్రం పిల్ల ఖాతాలో.

బొమ్మలే లేని గళ్లు కూడా ఉన్నాయి. ‘ణ’కు వీణను తెచ్చి ఎలాగో పరువు దక్కించారు. ‘ఙ’కు, ‘ఞ’కు ఆ పాటి అరువు కూడా పుట్టలేదు. పక్కన తెల్లటి ఖాళీ. తీసేస్తే వరస తప్పుతుందని ఉంచారు తప్ప, వాటితో ఎవరికీ పని లేదు. చదివేటప్పుడు మా పిల్ల క, ఖ, గ, ఘ అని, ఆ గడి మీంచి ఒక్క గెంతు గెంతి చ దగ్గర వాలుతుంది. నాకు చివుక్కుమంది. ఇంటికి ఎవరైనా వస్తే మావాడు “మా నాన్నగారు” అని పరిచయం చేస్తాడు. వాళ్లు నమస్కారం పెడతారు. ఆ తర్వాత మాటలు నన్ను దాటి మిగతావాళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి. ఎవరి తప్పూ లేదు, వరసలో నా చోటు నాకుంది.

అయినా ఆ ఖాళీ గడిని నింపే దారి లేకపోలేదు. 1658లో న్యూరెంబర్గ్‌లో కొమేనియస్ అనే చెక్ పండితుడి బొమ్మల పుస్తకం అచ్చయింది. అక్షరంతో మొదలయ్యే వస్తువు కోసం ఆయన నిఘంటువులు గాలించలేదు. ఆ శబ్దం ఎవరు చేస్తారా అని చెవి పెట్టి విన్నాడు. లాటిన్ మొదటి అక్షరానికి ‘ఆ ఆ’ అని అరిచే కాకిని వేయించాడు, రెండోదానికి ‘బే బే’ అనే గొర్రెపిల్లను. అదే పద్ధతిలో మన ‘ఙ’కు ఎవరు దొరుకుతారు?

నెలల పిల్ల దొరుకుతుంది. ‘ఉంగా ఉంగా’ అనేటప్పుడు ‘గా’కు ముందు గొంతులోంచి వచ్చేది ఈ అక్షరమే. అమ్మా రాకముందు, అత్తా రాకముందు, నా ఒళ్లో వెల్లకిలా పడుకుని మా మనవరాలు నాతో గంటల తరబడి ఆడిన కబుర్లన్నీ ఇందులోనే. ఇప్పుడు మాటలన్నీ వచ్చాక, అదే గడి మీంచి గెంతేస్తోంది.

కాబట్టి ప్రచురణకర్తలకు మనవి. మిగతావాటి సంగతి మీ ఇష్టం, ఖడ్గాలూ ఛత్రాలూ మీ దగ్గరే ఉంచుకోండి. ఆ ఖాళీ గడిలో మాత్రం ఒక పసిబిడ్డను వేయించండి. బొమ్మను బయటినుంచి తెప్పిస్తే నీలికళ్లతో, ఉన్ని టోపీతో వస్తుంది. అలా కాకుండా ఏదైనా ఇంటికి వెళ్లి చూసి వేయమనండి. బుగ్గన దిష్టిచుక్క మరిచిపోవద్దని మరీ మరీ చెప్పండి.